పాడగల కంఠము, చదువరాని కాగితము

గత సంవత్సరము మన పాఠశాల వార్షికోత్సవమునందు ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలిక యొకతె త్యాగరాజస్వామి కీర్తన నొకదానిని మిక్కిలి శ్రావ్యముగ పాడినది. సభలోని పెద్దలెల్లరు ఆనందించిరి. మరునాటి ఉదయము ఆ బాలిక తల్లి కుమార్తెను వెంటబెట్టుకొని నా గదికి వచ్చినది. చెన్నపట్నమున టెలివిజన్ వారి పాటల పోటీకి ఎంపికలు జరుగుచున్నవట. పిల్ల ఎంపికైనచో నాలుగైదు నెలలు అచటనే యుండవలసి వచ్చునట. "అయ్యవారూ, అన్నాళ్లు బడి మాన్పిస్తే తప్పవుతుందా? రేపు దానికి అన్నం పెట్టేది ఆ పాటేనేమో!" అని ఆమె అడిగినది.

నేను వెంటనే సమాధానము చెప్పలేదు. పిల్ల చేతిలోని పాట కాగితమును తీసికొని చూచితిని. కీర్తన సాహిత్యమంతయు అందు తమిళ లిపిలో వ్రాసియున్నది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే అక్షరము. ఏది యెట్లు పలుకవలెనో గురువు నోట విని గుర్తుంచుకొనవలసినదే. ఆ పిల్ల అట్లే గుర్తుంచుకొని ఒక్క తప్పు లేకుండ పాడినది. అది సామాన్యమైన ధారణ కాదు. కాని బల్లమీది తెలుగు వాచకమును తెరచి యిచ్చి ఒక వాక్యము చదువుమనగా మూడవ పదము కడ ఆగిపోయినది. ఆమె వేరొక బడినుండి వచ్చి మా యొద్ద చేరి రెండేండ్లయినది. ఈ రెండేండ్లలో మేము దానిని కనిపెట్టలేకపోతిమి. ఆ తప్పు మాదే యని ముందుగా ఒప్పుకొనుచున్నాను.

ఆ తల్లి ప్రశ్నకు సమాధానముగనే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. అందుకొరకు పాఠకులను చాల దూరము తీసికొనిపోవలసి యున్నది. పాటయా, చదువా యను ఈ ప్రశ్నకు తన జీవితమే ఉదాహరణమైన గాయని యొకతె అమెరికా దేశమున కలదు. ఆమె పేరు ఫాంటేషియా బారినో.

ఈమె 1984వ సంవత్సరము జూన్ 30వ తేదీన నార్త్ కరొలైనా రాష్ట్రమునందలి హై పాయింట్ అను పట్టణమున ఒక నల్లజాతి కుటుంబమునందు జన్మించెను. తల్లి క్రైస్తవ దేవాలయమున బోధకురాలు. ఇంటిల్లిపాదియు పాడువారే. ఐదేండ్ల వయస్సునుండియే ఈమె దేవాలయమున పాడుచు, కుటుంబముతో కలిసి ఊరూర తిరిగి భక్తిగీతములు వినిపించుచుండెను. ఆ గీతములకు గాస్పెల్ అని పేరు. సువార్త అని దాని యర్థము.

ఈ గాస్పెల్ పుట్టుక తెలియనిచో ఈమె కథ సగమే అర్థమగును. ఆఫ్రికానుండి బలవంతముగ కొనిపోబడి బానిసలైన నల్లజాతివారికి అమెరికా దక్షిణ రాష్ట్రములలో చదువు నిషేధింపబడినది. నార్త్ కరొలైనా శాసనసభ 1830వ సంవత్సరమున చేసిన చట్టము ప్రకారము బానిసకు చదువను వ్రాయను నేర్పుట శిక్షార్హమైన నేరము. చదువుకొన్న బానిస లోబడి యుండడని యజమానుల భయము. ఇట్టి స్థితిలో ఆ ప్రజలు తమ దుఃఖమును, దైవభక్తిని, తమ పెద్దల జ్ఞాపకములను పాటలోనే దాచుకొనిరి. ప్రార్థనలో ఒకరు కీర్తనలోని చరణమును బిగ్గరగ చెప్పుదురు. పుస్తకము లేని వారు, చదువురాని వారు దానిని అందుకొని సాగదీసి పాడుదురు. మన భజనలలో ఒకరు ఎత్తుకొనగా తక్కినవారు అందుకొనుట వంటిదే ఇదియు. 1865లో బానిసత్వము రద్దయిన పిమ్మటను ఆ పద్ధతి నిలిచినది. 1930 దశకమున షికాగో నగరమందు టామస్ డార్సీ యను విద్వాంసుడు ఆ భక్తిగీతములకు బ్లూస్ అను లౌకిక సంగీతపు నడకను జోడించి నేటి గాస్పెల్‌కు రూపము దిద్దెను. మహేలియా జాక్సన్ తన గంభీర కంఠముతో దానిని ప్రపంచమునకు వినిపించెను.

ఆ గానమే గుడి గడప దాటి లోకములోనికి వచ్చినప్పుడు సోల్ అనిపించుకొనినది. ఆత్మ యని ఆ మాటకు అర్థము. 1950 దశకమున రే చార్లెస్ గాస్పెల్ బాణీలలో ప్రేమగీతములు పాడగా గుడికి పోవువారు కొందరు కోపగించిరి. దేవుని పిలిచిన స్వరముతోనే ప్రియురాలిని పిలుచుట అపచారమని వారి అభిప్రాయము. కాని ఆ మార్గమే నిలిచినది. డెట్రాయిట్ నగరమందలి బోధకుని కుమార్తెయైన అరీతా ఫ్రాంక్లిన్ 1960 దశకమున సోల్ సంగీతమునకు మహారాణి యని పేరుగాంచి, 1972లో మరల గాస్పెల్ గీతములనే సంపుటముగ వెలువరించెను. గుడిలో నేర్చిన పాట లోకమున అన్నము పెట్టుట ఆ సమాజమున నాటినుండి నేటివరకు సాగుచున్న మార్గము. ఫాంటేషియాయు ఆ మార్గమున నడచినదే.

ఆమె బాల్యము సుఖముగ గడువలేదు. తొమ్మిదవ తరగతిలో నుండగా తోటి విద్యార్థి యొకని చేతిలో అత్యాచారమునకు గురియైనట్లు ఆమెయే పిమ్మట వెల్లడించినది. ఆ తరువాత బడిలో ఎదురైన ఎత్తిపొడుపులు భరింపలేక చదువు మానివేసెను. పదునేడేండ్ల వయస్సున, 2001లో, ఒక ఆడపిల్లకు తల్లియయ్యెను. చేతిలో బిడ్డ యున్నది; చదువు లేదు, ఉద్యోగము లేదు. ఉన్నది కంఠము మాత్రమే.

ఆ కాలమున అమెరికాలో అమెరికన్ ఐడల్ అను టెలివిజన్ పోటీ మిక్కిలి ప్రచారములో నుండెను. బ్రిటన్‌లో 2001లో ప్రారంభమైన పాప్ ఐడల్ అను కార్యక్రమమును అనుసరించి 2002 జూన్‌లో ఇది మొదలైనది. పెద్ద నగరములలో వేలకొలది యువకులను విని, వడబోసి, కొందరిని మాత్రము తుదిపోటీకి ఎంచెదరు. పిమ్మట వారమువారము వారు పాడుచుండగా న్యాయనిర్ణేతలు వ్యాఖ్యానించెదరు. ఎవరుండవలెనో ఎవరు పోవలెనో ఆ కాలమున టెలిఫోను ద్వారా ప్రేక్షకులే తీర్పు చెప్పుచుండిరి. మన దేశమునను 2004లో ఇండియన్ ఐడల్ అను పేర ఇదే పద్ధతి ప్రవేశించినది.

2004వ సంవత్సరపు మూడవ పోటీలో ఫాంటేషియా పాల్గొనెను. జార్జి గెర్ష్విన్ 1935లో రచించిన పోర్గీ అండ్ బెస్ అను సంగీత నాటకములోని జోలపాటను ఆమె ఆ పోటీలో వేదికపై కూర్చుండి పాడిన తీరును నేటికిని జనులు తలచుకొందురు. అదే సంవత్సరము మే 26వ తేదీ తుదిపోటీలో 6 కోట్ల 50 లక్షలకు పైగా వోట్లు పోలుకాగా, దాదాపు 13 లక్షల ఆధిక్యముతో ఆమె గెలిచినది. నాటికి ఆమె వయస్సు 19 సంవత్సరములు. ఆమె మొదటి పాట వెలువడగనే అమెరికాలోని పాటల పట్టికలో నేరుగ ప్రథమస్థానమున ప్రవేశించెను. నవంబరులో మొదటి సంపుటము వచ్చినది. చూచువారికి ఇది కాశీమజిలీ కథవలె తోచియుండును.

కాని మరుసటి సంవత్సరమే ఆమె తన జీవితకథను వెలువరించినది. దాని పేరునకే 'బ్రతుకు కట్టుకథ కాదు' అని అర్థము. అందు ఆమె బయటపెట్టిన సంగతి దేశమును ఆశ్చర్యపరచెను: ఆమెకు చదువుట సరిగ రాదు. అక్షరములు తెలియును, చిన్న మాటలు గుర్తుపట్టును. కాని పుట నిచ్చినచో దాని తాత్పర్యము గ్రహింపలేదు. పోటీ జరిగిన నెలలన్నియు ఆమె ఆ సంగతిని దాచినది. చదువవలసి వచ్చిన చోటుల చదివినట్లు నటించినది. పాటలను చెవితో విని కంఠస్థము చేసినది. ఆ జీవితకథను సైతము ఆమె నోట చెప్పగా వేరొకరు వ్రాసిరి.

తల్లిదండ్రులు ఇచట ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. ఈ బాలిక బడి ముఖము చూడనిది కాదు. తొమ్మిదవ తరగతి వరకు చేరినది. ఏటేట పైతరగతికి పంపబడినది. ఇన్నేండ్లలో ఆమెకు చదువు వచ్చినదా లేదా యని సరిగ విచారించినవారు లేకపోయిరి. వినికిడిచే నేర్చుకొను పిల్లలు తెలివిగలవారు; వారి ధారణయే వారి లోపమును కప్పివేయును. పాఠమును అప్పగించిన పిల్లవాడు దానిని చదివెనా, విని వల్లించెనా యన్నది ఉపాధ్యాయునికే తెలియకపోవుట కలదు. నా గదిలో నాకు జరిగినదియు ఇదియే.

చదువు రాని గాయనికి నష్టమేమి, పాడుటకు కంఠము చాలదా యని ఎవరైన అడుగవచ్చును. పాడుటకు చాలును, పాటతో బ్రతుకుటకు చాలదు. దానికి కారణము ఒప్పందపత్రము. పాటల వ్యాపారము నడచు విధానమును క్లుప్తముగ చెప్పెదను.

పాటల కంపెనీవారు గాయనికి మొదట కొంత సొమ్ము ముందుగ ఇత్తురు. అది బహుమానము కాదు, బయానా వంటిది. పాట అమ్ముడుపోయిన పిమ్మట గాయనికి రావలసిన వంతును రాయల్టీ యందురు. కంపెనీ తానిచ్చిన ముందుసొమ్మును, తరచుగ రికార్డింగు ఖర్చులను, చిత్రీకరణ వ్యయములో భాగమును ఆ వంతునుండియే మినహాయించుకొనును. ఆ బాకీ తీరువరకు గాయని చేతికి రాయల్టీ రాదు. ఇక వ్యవహారములు చూచు మేనేజరునకు ఆదాయమున సామాన్యముగ నూటికి పదిహేను, ఇరువది వంతులు. న్యాయవాదికి వేరు, పన్నుకు వేరు. పాట వ్రాసినవారికి వచ్చు హక్కు ఒకటి, పాడినవారికి వచ్చు హక్కు మరియొకటి. పాడిన పాట ఎవరి సొత్తు, ఎన్ని సంపుటములు వారికే పాడవలెను, మానుకొనదలచినచో ఏమగును అను సంగతులన్నియు ఆ పత్రములోనే యుండును. లక్షలమంది చప్పట్లు ఆ పత్రములోని ఒక్క వాక్యమును మార్చజాలవు.

తాను చదువలేని ఒప్పందములపై సంతకములు చేసితినని ఫాంటేషియా స్వయముగ ఒప్పుకొనెను. అయినను ఆమెకు అన్నిటికంటె బాధ కలిగించినది సొమ్ము విషయము కాదు. పసిబిడ్డయైన తన కుమార్తె కథలపుస్తకము తెచ్చి ఒడిలో కూర్చున్నపుడు చదివి వినిపింపలేకపోవుటయే తన పెద్ద దుఃఖమని ఆమె చెప్పినది. గెలుపు వచ్చిన పిమ్మట ఉపాధ్యాయుల నుంచుకొని చదువు నేర్చుకొన మొదలుపెట్టినది.

2006లో ఆమె కథ టెలివిజన్ చలనచిత్రమై, తన పాత్రను తానే ధరించినది. 2007 ఏప్రిల్‌లో న్యూయార్కు నగరపు బ్రాడ్వే నాటకశాలలో 'ది కలర్ పర్పుల్' అను సంగీత నాటకమున సీలీ యను ప్రధానపాత్ర ఆమెకు లభించెను. ఆలిస్ వాకర్ అను రచయిత్రి 1982లో వ్రాసిన నవల దీనికి మూలము. ఆ నవలకు 1983లో పులిట్జర్ బహుమానము వచ్చినది. ఆ కథ యంతయు ఉత్తరముల రూపముననే నడచును. సీలీ పేద పల్లెటూరి నల్లజాతి స్త్రీ. చెల్లెలు నెట్టీ ఆమెకు చదువు చెప్పుచుండగా విధి వారిని విడదీయును. నెట్టీ దూరదేశమునుండి వ్రాసిన ఉత్తరములను సీలీ భర్త ఏండ్ల తరబడి దాచివేయును. అవి చేజిక్కి, చదువుకొన్న దినమున సీలీ తలయెత్తి నిలుచును. చదువలేనని లోకమునకు చెప్పుకొన్న గాయని, చదువుచే విడుదల పొందిన స్త్రీ పాత్రను రాత్రి రాత్రియు ధరించుట ఎట్లుండెనో ఊహించుకొనవచ్చును. 2008 జనవరి వరకు ఆమె ఆ నాటకమున నటించెను.

ఇంతటితో కష్టములు తీరలేదు. అప్పు కారణముగ 2009 ప్రారంభమున ఆమె గృహము వేలమునకు వచ్చు స్థితి ఏర్పడినది. 2010 ఆగస్టులో నిరాశచే మితిమీరి మాత్రలు మ్రింగి ఆసుపత్రి పాలైనది. ఈ కష్టములకెల్ల చదువు లేమియే కారణమని చెప్పుట న్యాయము కాదు. చిన్నవయస్సున తగిలిన గాయములు, చుట్టుచేరిన జనము, ఇంటిల్లిపాది భారము, వార్తాపత్రికల నిందలు అన్నియు ఆమె భుజములపై నుండెను. కాని లెక్కను తానే చూచుకొనగలిగినవారికిని, ఇతరులు చెప్పిన లెక్కను నమ్మవలసినవారికిని కష్టకాలమున భేదము కలదని మాత్రము చెప్పవచ్చును.

ఆమె లేచి నిలిచినది. ఆ ఆగస్టు నెలలోనే వెలువడిన సంపుటములోని పాటకు 2011 ఫిబ్రవరిలో గ్రామీ బహుమానము లభించెను. 2019లో ఆమె తన స్వంత సంస్థ పక్షమున ఒక సంపుటమును వెలువరించెను. పదునైదేండ్ల క్రిందట ఇతరులు వ్రాసిన పత్రములపై చదువకయే సంతకము చేసిన స్త్రీ, తన పేర సంస్థ నిలుపుకొనినది. 2023లో ఒహైయో రాష్ట్రమునందలి సెంట్రల్ స్టేట్ విశ్వవిద్యాలయమున వ్యాపార నిర్వహణ శాస్త్రము నభ్యసించు విద్యార్థినిగ చేరినది. ఆ సంవత్సరాంతముననే 'ది కలర్ పర్పుల్' సంగీత చలనచిత్రముగ వెలువడగా అందును ఆమెయే సీలీ. మొదట ఆ పాత్రను మరల ధరించుటకు సంకోచించినను, ధరించి గోల్డెన్ గ్లోబ్ బహుమాన పరిశీలనకు ఎంపికైనది. బహుమానములకంటె ఆ విశ్వవిద్యాలయ ప్రవేశమునే నేను గొప్పగ భావించుచున్నాను. నలుబదికి చేరువైన వయస్సున, పేరు ప్రతిష్ఠలు గడించిన పిమ్మట, పలక పట్టుటకు సిగ్గుపడని ధైర్యము అందరికి రాదు.

పోటీ ఫలితమును గురించి ఇంకొక్క మాట. 2004 నాటి ఆ పోటీలోనే జెన్నిఫర్ హడ్సన్ అను మరియొక గాస్పెల్ గాయని ఏడవ స్థానమున ఓడి ఇంటికి పోయెను. 2006లో 'డ్రీమ్‌గర్ల్స్' అను చలనచిత్రమున పాడి నటించి, మరుసటి సంవత్సరము ఆస్కార్ బహుమానమునే పొందినది. కావున అట్టి పోటీలో గెలుపు సర్వస్వము కాదు, ఓటమి సర్వనాశము కాదు. పోటీ ఒక ద్వారము మాత్రమే. ద్వారము దాటిన పిమ్మట నడువవలసిన దూరము చాల కలదు.

ఇక మన యింటి సంగతికి వచ్చెదను. తరతరములుగ ఈ తమిళదేశమున స్థిరపడిన మన కుటుంబములలో తెలుగు ప్రధానముగ చెవిలోను నోటిలోను నిలిచియున్నది. అమ్మమ్మ జోలపాట, పెండ్లిపాట, భజనపాట వినికిడిచేతనే మనకు సంక్రమించినవి. వినికిడి విద్యను నేను ఎన్నడును తక్కువ చేయను. చదువు నిషేధింపబడిన జాతి పాటతోనే తన ప్రాణమును నిలుపుకొన్న విధమును పైన చెప్పితిని. కాని ఆ జాతియే చదువుకొనుటకు అవకాశము దొరకిన దినమున పెద్దలు పిన్నలు నని లేక ఒకే బల్లమీద కూర్చుండి అక్షరములు దిద్దినది. పాట చాలునని వారు ఊరకుండలేదు. 1996లో 'పాడుతా తీయగా' కార్యక్రమమును ప్రారంభించిన బాలసుబ్రహ్మణ్యముగారు సైతము పిల్లల కంఠమును మెచ్చుకొనుచునే, పలుకు తప్పినపుడు దిద్ది, పాట యర్థమును విడమరచి చెప్పుచుండుట మీలో పెక్కురు చూచియుందురు.

ఆ తల్లి రెండవమారు వచ్చినపుడు పోటీవారు పంపిన అంగీకారపత్రమును నా బల్లమీద నుంచినది. పదునాలుగు పుటలు, అంతయు ఇంగ్లీషు. ఎవరి పత్రమో ఇచట చెప్పనక్కరలేదు. సంతకము చేయవలసిన చోటులలో పెన్సిలుతో గుర్తులు మాత్రము పెట్టియున్నవి. "ఇందులో ఏమున్నదమ్మా?" అని అడిగితిని. "మాకేం తెలుసు, అయ్యవారూ! అందరూ చేస్తున్నారు కదా అని" అన్నది. మేము ముగ్గురము, తల్లి, కుమార్తె, నేను, రెండు సాయంకాలములు కూర్చుండి ఆ పత్రమును వాక్యము వాక్యముగ చదివితిమి. నాకు తెలియని మాటలను పరిచయస్థుడైన న్యాయవాది నడిగితిని. పిల్ల పాడిన పాటయు, ఆమె రూపమును చిరకాలము వారివే యను వాక్యము ఎనిమిదవ పుటలో నుండెను. బడికి ఎన్ని దినములు సెలవో, చదువు పోయినచో ఎవరు చెప్పింతురో మాత్రము ఏ పుటలోను లేదు.

పిమ్మట ఆ తల్లి ఏమి నిర్ణయించెనన్నది వారి యింటి విషయము. పాట మానిపించుమని నేను చెప్పలేదు, ఎన్నడును చెప్పను. ఆమె ఏ నిర్ణయము చేసినను చదివి, తెలిసి చేసినది. నాకు అది చాలును.

ఈ సంవత్సరమునుండి మన పాఠశాలలో ప్రతి విద్యార్థి చేతను నెలకొకసారి, ముందుగ చూడని పుటను చదివించి వినుటకు ఏర్పాటు చేసితిమి. కంఠస్థము చేసినది ఇందు పనికిరాదు. శనివారము సాయంకాలము నాలుగు గంటలకు పెద్దలకు సైతము తెలుగు చదువు చెప్పబడును; రుసుము లేదు. తల్లిదండ్రులకు నా విన్నపము ఒక్కటే. ఈ రాత్రి భోజనానంతరము మీ బిడ్డ చేతికి, వాడెన్నడును చూడని తెలుగు పుట నొకదానిని ఇచ్చి చదివించుడు. ఎచట ఆగునో ఆ మాటక్రింద గీత గీసి మరునాడు మాకు పంపుడు. అచటనుండి మేము మొదలుపెట్టెదము.